మా మేనమామ వెన్నెముక

అద్దములో తన ముఖము చూచుకొననివారు లేరు. కాని ఆ ముఖము వెనుక నేమున్నదో విచారించువారు అరుదు. నేనును పదుమూడేండ్ల ప్రాయము వచ్చువరకు విచారింపలేదు. ఆ విచారణ ఒక అవమానము వలన కలిగినది. ఆ అవమానము నాకు జరిగినది కాదు, నేను ఇతరులకు చేసినది. చెప్పుకొనుటకు సిగ్గుపడవలసిన సంగతియే యైనను, మీకు ఉపయోగపడునను తలంపుతో వ్రాయుచున్నాను.

మాది మఠంపల్లి. ఇప్పుడది సూర్యాపేట జిల్లాలో నున్నది. నా చిన్నతనమున నల్లగొండ జిల్లాలోని హుజూర్‌నగరు తాలూకాకు చేరియుండెను. మా ప్రాంతమున సున్నపురాయి విస్తారము. కొంతదూరమున కృష్ణానది యొడ్డున మట్టపల్లి క్షేత్రము కలదు. అచ్చటి లక్ష్మీనరసింహస్వామి ఆలయమునకు దీర్ఘవ్యాధులతో బాధపడువారు వచ్చి, కొన్ని దినములు నివసించి, కృష్ణలో స్నానమాడి, ప్రదక్షిణములు చేయుట ఆచారము.

1978వ సంవత్సరపు వేసవిలో మా మేనమామ ఆ ప్రదక్షిణముల కొఱకే భార్యాబిడ్డలతో మా యింటికి వచ్చెను. ఆయన ఊరు మునుగోడు ప్రక్కనున్న చిన్న పల్లె. నేను బస్సు దగ్గరకు ఎదురేగితిని. ఆయన రెండు చేతులతో తలుపుకమ్మిని పట్టుకొని, మెట్టు మెట్టునకు ఆగుచు దిగెను. నేను ప్రక్కనుండి పిలువగా తల త్రిప్పలేదు. బండిని మలపినట్లు మొత్తము శరీరమును నా వైపునకు మలపెను. అప్పటికి ఆయనకు నలువది రెండేండ్లు మాత్రమే. నడుము వంగి, గడ్డము ఱొమ్మునకు చేరువై, డెబ్బదియేండ్ల వృద్ధుని వలె కనబడెను.

ఆయన కుమారుడు నాకంటె ఏడాది పెద్దవాడు. నాకు బావ యగును. చదువులో నాకంటె చురుకైనవాడు. కాని నవ్వు వచ్చినప్పుడెల్ల అరచేతితో నోరు కప్పుకొనుచుండెను. అతని పండ్లపై గోధుమరంగు చారలును, సుద్దవంటి మచ్చలును ఉండెను. వానిని గారపండ్లందురు. “బావా, నువ్వు పండ్లు తోముకోవా?” అని నేను పదిమంది ముందర అడిగితిని. అతడు బదులు చెప్పలేదు. నాటి సాయంకాలము మరియొక తప్పు చేసితిని. చేతులు మోకాళ్లపై నుంచుకొని, మా మామ నడక నడచి చూపి స్నేహితులను నవ్వించితిని. వెనుదిరిగి చూడగా బావ గుమ్మములో నిలుచుండెను. అతడు కోపపడలేదు. లోపలికి పోయి తండ్రికి మంచినీళ్లు ఇచ్చెను.

మట్టపల్లిలో నేనును వారితో కొన్నినాళ్లుంటిని. ఒక ఉదయమున ఆలయము ముందర నిలిచి, “మామా, శిఖరం మీద కలశం చూడు, ఎట్లా మెరుస్తున్నదో” అంటిని. ఆయన మెల్లగా ఒక మెట్టుపై కూర్చుండెను. తలపాగా విప్పి చుట్టగా చుట్టెను. దానిని తలక్రింద నుంచుకొని వెనుకకు ఒరగెను. అప్పుడు కలశమును చూచి రెండు చేతులు జోడించెను. “అల్లుడా, నాకు ఆకాశం పండుకుంటేనే కనపడుతది” అని చిరునవ్వు నవ్వెను. ఆ మాట విన్న తరువాత నేను ఆయన నడకను మరల అనుకరింపలేదు. కాని చేసిన తప్పును ఒప్పుకొనుటకు నోరు రాలేదు.

జూన్ నెలలో బడి తెరచిరి. ఎనిమిదవ తరగతిలో మాకు ప్రకృతిశాస్త్రము చెప్పిన ఉపాధ్యాయుడు అస్థిపంజరమును గూర్చిన పాఠము నారంభించెను. మా బడిలో అస్థిపంజరపు బొమ్మ లేదు. “బొమ్మ లేకపోతే ఏమి? నలభై అస్థిపంజరాలు బల్లలమీద కూర్చున్నాయి గదా!” అని ఆయన నవ్వెను. పిమ్మట మా శరీరములనే పుస్తకములుగా చేసి పాఠము చెప్పెను.

చూపుడువ్రేళ్లను చెవుల ముందర నుంచి నోరు తెరువుమనెను. వ్రేళ్లక్రింద ఏదియో జారి ముందునకు కదలినది. అదియే క్రింది దవడ కీలు. అది తలుపుబందువలె తిరుగుటయే కాక, ముందుకు వెనుకకు జారును కూడ. అందుచేతనే మనము కొఱుకుటయు, నములుటయు, మాటలాడుటయు సాధ్యమగుచున్నది. మానవుని పుఱ్ఱెలో 22 ఎముకలున్నవి. అందు 8 మెదడును కాపాడు పెట్టెగా అమరినవి. తక్కిన 14 ముఖమునకు రూపమిచ్చును. వీనిలో స్వేచ్ఛగా కదలునది క్రింది దవడ యొక్కటియే. ముఖపు ఎముకలలో పెద్దదియు, దృఢమైనదియు నదియే. ముక్కుకొనను వంచి చూచితిమి. అది వంగినది, ఏలయన అది ఎముక కాదు, మృదులాస్థి. పండ్లు బిగబట్టి చెంపలపై చేతులుంచితిమి. గట్టి కండరము తగిలినది. కణతల మీదను అట్టి కదలికయే తెలిసినది. ఇవి నమలుటకు ఉపయోగించు కండరములు.

“మరి నవ్వే కండరాలు ఎక్కడ ఉన్నవి?” అని ఆయన ప్రశ్నించి, తానే సమాధానము చెప్పెను. శరీరములోని కండరములలో పెక్కులు ఎముకనుండి ఎముకకు కట్టబడియుండును. ముఖమునకు భావములనిచ్చు కండరములు చర్మమునకు కట్టబడియున్నవి. ఆ కండరము ముడుచుకొనగానే చర్మము కదలి, మనస్సులోని సంతోషమో దుఃఖమో బయటపడును. ఆ మాట వినుచుండగా నాకు మా బావ జ్ఞాపకము వచ్చెను. అతని ముఖములో ఆ కండరములన్నియు సరిగనే యున్నవి. అవి చేయు పనిని మాత్రము అతడు అరచేతితో దాచుకొనుచున్నాడు.

పాఠము ముగిసిన పిమ్మట నేను ఒంటరిగా ఆయన యొద్దకు పోయి, మా మామ సంగతియు బావ సంగతియు చెప్పితిని. నేను చేసిన పరిహాసమును కూడ దాచలేదు. ఆయన నన్ను మందలింపలేదు. “మీ మామ ఊరిలో అట్టివారు ఇంకా ఉన్నారా?” అని అడిగెను. “వీధికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు సార్” అంటిని. ఆయన కొంతసేపు మౌనముగా నుండి, “దర్జీ దగ్గరికి పోయి ఒట్టి దారపు కండెలు ఎన్ని ఇస్తే అన్ని పట్టుకొని రా” అనెను.

పండ్రెండు చెక్కకండెలు దొరకినవి. “చాలు. ఛాతీ వెనుక ఉండే పూసలు పండ్రెండే” అని ఆయన సంతోషించెను. పాత సైకిలు ట్యూబును బిళ్లలుగా కత్తిరించి, కండెకు కండెకు నడుమ ఒక బిళ్ల నుంచి, లోపలనుండి మెత్తని త్రాటిని దూర్చెను. మరునాడు తరగతిలో దానిని చూపి వెన్నెముక పాఠము చెప్పెను.

వెన్నెముకలో సాధారణముగా 33 పూసలుండును. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5, వానిక్రింద కటిభాగమున కలిసిపోయిన 5, చిట్టచివర తోకవంటి చిన్న పూసలు 4. చివరి తొమ్మిదియు పెద్దవారిలో అతుకుకొని యుండును గనుక కదలునవి 24 మాత్రమే. మెడ ఎంత పొడవైనను జిరాఫీకి సైతము మెడపూసలు ఏడే! మొదటి పూసపై తల ఊగుటచే మనము ‘ఔను’ అందుము. మొదటి పూస రెండవదానిపై తిరుగుటచే ‘కాదు’ అందుము. పూసల నడుమనున్న మృదులాస్థి బిళ్లలు అదురును ఓర్చుకొనును. అవి పగలంతయు బరువు మోసి కొంచెము అణగును గనుకనే ఉదయమునకన్న సాయంకాలమున మనము రమారమి ఒక సెంటీమీటరు పొట్టివారమగుదుము. పూసల నడిమి గొట్టములో వెన్నుపాము భద్రముగా నుండును. అందుండి 31 జతల నరములు దేహమునకు ప్రసరించును.

“పసిబిడ్డ వెన్ను విల్లు వలె ఒకే వంపుగా ఉంటుంది. తల నిలిపినప్పుడు మెడవంపు, నిలబడి నడిచినప్పుడు నడుమువంపు ఏర్పడతాయి. అంటే నిటారుగా నిలబడడం మనిషి తన చిన్నతనములో సంపాదించుకొన్న ఆస్తి” అని ఉపాధ్యాయుడు చెప్పెను. ఆ కండెల మాలను మాలో ఒక్కొక్కరికి ఇచ్చి వంచి చూడుమనెను. అది పామువలె అన్ని వైపులకు వంగినది.

ఆ సాయంకాలము ఆయన దానిని చిక్కని సున్నపుముద్దలో ముంచి నీడలో నారవేసెను. రెండు దినముల పిమ్మట నా చేతికిచ్చి, “ఇప్పుడు వంచు” అనెను. వంగలేదు. కండెలును బిళ్లలును ఏకమై కఱ్ఱయైపోయినవి. బలము చేసితిని. సున్నము ఒకచోట పగిలి, లోపలి త్రాటిని కండె నొక్కినది. “మీ మామకు జరిగినది ఇదే” అని ఆయన మెల్లగా అనెను. పరిహాసము చేసిన చేతులతోనే ఆ మాలను పట్టుకొనియుంటిని. నా కన్నుల నీరు తిరిగెను.

ఆయన చెప్పిన కారణమిది. ఎముక చచ్చిన రాయి కాదు. ఒక విధమైన కణములు పాత ఎముకను కరగించుచుండగా, మరియొక విధమైన కణములు క్రొత్త ఎముకను కట్టుచుండును. ఇల్లు కట్టువాడు దగ్గర దొరకిన రాతితో కట్టినట్లు, ఈ కణములును మనము తిను అన్నమునుండి, త్రాగు నీటినుండి వచ్చిన వస్తువులతోనే కట్టును. కొన్ని ప్రాంతములలో భూమిలోని శిలలందు ఫ్లోరిను చేరిన ఖనిజములుండును. నల్లగొండ జిల్లాలోని గ్రానైటు నేలలు అట్టివి. ఆ రాళ్ల నడుమ చిరకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరగును. దానికి రంగు లేదు, వాసన లేదు. నీటిని గుడ్డతో వడగట్టినను పోదు. కాచినచో నీరు ఆవిరియై తగ్గును గాని ఫ్లోరైడు తగ్గదు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాముకు మించకుండుట మేలనియు, వేఱుదారి లేనిచో ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చుననియు మన దేశపు ప్రమాణము.

అది మితముగా నున్నచో పండ్లకు మేలు చేయును. మితిమీరి యేండ్లతరబడి లోనికి పోయినచో ఎముకలలో పేరుకొనును. వెన్నుపూసలను కలిపి కట్టు సంధిబంధనములు త్రాళ్లవలె మెత్తగా నుండవలసినవి, సున్నము చేరి రాళ్లగును. పండ్ల సంగతి వేఱు. పాలపండ్ల క్రింద దవడలో శాశ్వతదంతములు మొలచుటకు పూర్వమే తయారగుచుండును. జ్ఞానదంతములు తప్ప తక్కినవాని పింగాణి పొర పుట్టుక మొదలు రమారమి ఎనిమిదేండ్ల లోపల ఏర్పడును. ఆ కాలమున ఫ్లోరైడు మిక్కుటమైనచో పొర చెడును. ఒకసారి ఏర్పడిన పొర మరల పుట్టదు. “మీ బావ పండ్లు తోముకొనకపోవడం కాదు. ఆ మచ్చలు దంతం మొలవకముందే పడ్డవి” అని ఆయన చెప్పెను.

“మామ నడుము మరల నిటారు అవుతుందా, సార్?” అని అడిగితిని. “గట్టిపడిన వెన్ను మెత్తబడదు. నీరు మారిస్తే ఇంకా గట్టిపడకుండా ఆపుకోవచ్చు. పిల్లల సంగతి తొందరగా చూడవలె” అని ఆయన సమాధానము.

నేను ఆ కండెల మాలను ఇంటికి తీసికొనిపోయి, మా అమ్మకు పాఠము ఆసాంతము చెప్పితిని. ఆమె చదువుకొన్నది కాదు. సున్నము పట్టిన మాలను చేతితో తడిమి, “మా తమ్ముడు ఏ పాపమూ చేయలేదన్నమాట” అని కొంగుతో కన్నులు తుడుచుకొనెను. ఆ మాటలో ఎంత బరువున్నదో నాకు తరువాత తెలిసినది. ఆ ఊరిలో నడుములు వంగినవారిని పూర్వజన్మపాపులని అనువారుండిరి. ఆ ఇండ్ల పిల్లలకు సంబంధములు దొరకుట కష్టముగా నుండెను.

ఉపాధ్యాయుని సలహాపై మామను పట్టణములోని ఆసుపత్రికి తీసికొనిపోయిరి. నేనును వెంట పోయితిని. వైద్యుడు ఎక్స్‌రే చిత్రమును కిటికీ వెలుతురులో పట్టి చూపెను. ఎముకలు మామూలుకన్న తెల్లగా నుండెను. పూసల ప్రక్కన కనబడకూడని సంధిబంధనములు తెల్లని గీతలుగా కనబడెను. సున్నము పట్టిన మా కండెల మాలయే అది!

అప్పటికి మామకు ఏడాది దాటిన కూతురు ఉండెను. తల్లిపాలు మాని, బావినీరు త్రాగ నారంభించినది. ఆ బిడ్డను మఠంపల్లిలో పెంచుదమని మా అమ్మ నిశ్చయించెను. నాగార్జునసాగరు ఎడమకాలువకు 1967లో నీరు వదలిన తరువాత మా తాలూకాకు కృష్ణనీరు వచ్చినది. మా యింట ఆ నీటిని చిల్లగింజతో తేర్చి, వడగట్టి, కాచి త్రాగెడివారము. నదులలోను చెఱువులలోను నీరు రాళ్ల నడుమ నిలువయుండదు గనుక సాధారణముగా దానిలో ఫ్లోరైడు తక్కువ.

మా అత్త బిడ్డను అమ్మ చేతిలో పెట్టిన దినము నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. “వదినా, దీని పండ్లు తెల్లగా వస్తే చాలు. నన్ను అమ్మా అని పిలవకపోయినా సరే” అని ఆమె వెనుకకు చూడక బస్సెక్కెను. ఆ చిన్నది ఎనిమిదేండ్లు మా యింట పెరిగినది. పండ్లు మల్లెమొగ్గల వలె వచ్చినవి. కాని తన ఊరికి తిరిగి పోయిన దినమున తల్లిని గుర్తెరిగియు, చాలసేపు దూరముగానే నిలుచుండెను. తెల్లని పండ్లకు ఆ తల్లి చెల్లించిన మూల్యమది. మంచినీరు వాకిటిలోనే యున్నచో అది చెల్లింపవలసిన పని లేకుండెను.

బావయు ఊరకుండలేదు. నాటినుండి సైకిలునకు బిందెలు కట్టుకొని, చాలదూరమునున్న చెఱువునుండి త్రాగునీరు తెచ్చి కాచి ఇంటిల్లిపాదికి ఇచ్చెను. ఊరివారు మొదట నవ్విరి. తరువాత కొందఱు తామును బిందెలు కట్టుకొనిరి.

పెద్దవాడనై, నేనును ఉపాధ్యాయుడనైన పిమ్మట ఈ విషయమును గూర్చి మరికొంత చదివితిని. అమెరికాలోని కొలరాడోలో ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు 1901 మొదలు ఇట్టి మచ్చలపండ్లను చూచి, కారణము కొఱకు ముప్పదియేండ్లు వెదకెను. 1931లో చర్చిల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు నీటిలోని ఫ్లోరైడే కారణమని కనుగొనెను. ఎముకలను పట్టు ఈ వ్యాధిని మన దేశమున 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లాలోని రోగులను గూర్చి డాక్టరు ఎ. హెచ్. సిద్దీఖీ 1955లో బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసెను. 1970వ దశకమున నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనసంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగుపొడి కలిపి ఫ్లోరైడును అడుగునకు దించు ఉపాయము కల్పించిరి. దానిని లోకము ‘నల్లగొండ పద్ధతి’ అని పిలుచుచున్నది.

1955 నాటి వ్యాసమును చదివినప్పుడు నాకు సంతోషమునకన్న దుఃఖమే ఎక్కువ కలిగినది. అది అచ్చుపడునప్పటికి మా మామ ఇరువదియేండ్లైన నిండని యువకుడు. ఆయన వెన్ను అప్పటికింకను వంగియుండెను గాని కఱ్ఱవలె కాలేదు. తెలిసినవారి పుస్తకమునుండి తెలియనివాని బావి వరకు ఆ సంగతి నడచివచ్చుటకు ఇరువది మూడేండ్లు పట్టినది. అదియు ఒక బడిపంతులు దారపు కండెలను ఏరుకొన్నందున వచ్చినది.

మా మామ 1991లో మరణించెను. కడపటి సంవత్సరములలో మంచముపై పండుకొని వాకిటినుండి ఆకాశమును చూచుచుండెడివాడు. ఆయనను పరిహసించినందుకు క్షమింపుమని నేను ఒక్కసారియైన అడుగలేదు. అడుగుదునని ప్రతి పండుగకు పోవుటయు, అడుగకయే తిరిగివచ్చుటయు జరిగినది. బాలబాలికలారా! ఒకరి నడుమును గాని, పండ్లను గాని చూచి మీకు నవ్వు వచ్చినప్పుడు, వారు ఏ నీరు త్రాగి పెరిగిరో ముందు ఆలోచింపుడు. నవ్వియున్నచో ఆలస్యము చేయక ఒప్పుకొనుడు.

2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకముచే మామ ఊరికి శుద్ధిచేసిన కృష్ణనీరు కుళాయిలలో వచ్చినది. కడచిన సంక్రాంతికి నేను అచ్చటికి పోయితిని. బావకు అరువది దాటినను నడుము నిటారుగనే యున్నది. చెఱువునీటి బిందెలు మోసిన ఫలమది. అతని మనుమడు మా ఎదుట ఏదో చెప్పి పకపక నవ్వెను. ముందరి రెండు క్రొత్తపండ్లు తెల్లగా కనబడినవి. బావకును నవ్వు వచ్చెను. అలవాటు చొప్పున అరచేయి నోటిమీదికి పోయెను. ఆ పిల్లవాడు, “తాతా, చెయ్యి తియ్యి, నువ్వు నవ్వితే నాకు కనపడుతలేదు” అని రెండు చేతులతో ఆ చేతిని క్రిందికి లాగెను.

బావ చేయి మరల పైకెత్తలేదు.